లారీకి, టిప్పర్‌కి సింథటిక్ ఆయిల్ పోయాలా, మామూలు 15డబ్ల్యూ-40 చాలా?

చీమకుర్తి టిప్పర్:
అన్నలందరికీ నమస్తే. మాకు రెండు బండ్లు. బీఎస్4 (పాత పొగ రూల్స్ నాటి) టిప్పర్ క్వారీల్లోనే తిరుగుతుంది, వేస్టు రాయి డంపుకు తోలుతుంది. ఇంకోటి బీఎస్6 (కొత్త పొగ రూల్స్) లారీ, గ్రానైట్ బ్లాకులు వేసుకొని కృష్ణపట్నం పోర్టుకి, అప్పుడప్పుడు చెన్నైకి వెళ్తుంది. టిప్పర్‌కి మొదట్నించీ సీఐ-4 ప్లస్ గ్రేడు, 15డబ్ల్యూ-40 చిక్కదనం ఉన్న ఆయిల్ పోస్తున్నాం. లారీకి ఇన్నాళ్లూ షోరూం సర్వీసే. వారంటీ అయిపోయింది కాబట్టి ఇకమీద బయటే చేయించాలి.

ఆయిల్ షాపాయన రెండింటికీ సింథటిక్ పోయమంటున్నాడు. రేటు దాదాపు రెట్టింపు. కిలోమీటర్లు కూడా రెట్టింపు వస్తాయట, మైలేజీ అర కిలోమీటరు పెరుగుతుందట. మా నాన్నేమో "ఎంత ఖరీదు ఆయిలైనా వారానికి నల్లబడేదే కదా, డబ్బులు దండగ" అంటున్నాడు. షెడ్డులో ఒకటే రకం బకెట్ ఉంటే క్లీనర్ కుర్రాడు ఒకదానికి బదులు ఇంకోటి పోస్తాడన్న టెన్షన్ ఉండదని నా ఆలోచన. ఏం చేయమంటారు?

హైదరాబాద్-ఢిల్లీ లైన్:
సింథటిక్ పోయండి బ్రదర్, రెండో ఆలోచన వద్దు. నేను తోలే బండికి ఓనర్ అదే పోయిస్తాడు. లాంగ్ లైన్‌లో సర్వీసుకని ఆగే రోజులు తగ్గాయి. ఇంజన్ సౌండ్ కూడా స్మూత్‌గా ఉంది.

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ:
తమ్ముడూ, సింథటిక్ సంగతి తర్వాత. ముందు బకెట్ వెనక ఏపీఐ (ఆయిల్ నాణ్యత గ్రేడు) అని ఉన్నచోట ఏం రాసుందో చూడు.

మీ బీఎస్6 లారీకి సైలెన్సర్‌లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. పొగలో మసిని పట్టుకొని, బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. ఇంజన్లో కాస్తో కూస్తో ఆయిల్ కూడా కాలుతుంది కదా, ఆ ఆయిల్లో కలిపిన మందుల బూడిద మాత్రం ఎంత వేడికీ కాలదు. అక్కడే పేరుకుపోతుంది. అందుకే తర్వాత వచ్చిన సీకే-4 గ్రేడు ఆయిల్లో బూడిద 1 శాతం దాటకూడదని రూలు పెట్టారు. పాత సీఐ-4 ప్లస్‌కి ఆ రూలు లేదు. కాబట్టి సీఐ-4 ప్లస్ వరకే రాసున్న బకెట్, సింథటిక్ అయినా సరే, ఆ లారీకి పోయొద్దు. సీకే-4 ఉంటే మామూలు ఆయిల్ అయినా పర్లేదు, బండితో ఇచ్చిన పుస్తకంలో అదే గ్రేడు ఉంటే. పుస్తకంలో 10డబ్ల్యూ-40 అనో 5డబ్ల్యూ-30 అనో ఉంటే దాని మాటే వినాలి. డీపీఎఫ్ మార్చడానికి ఎంతవుతుందో షోరూంలో ఊరికే ఒకసారి అడిగి రా, ఆయిల్ రేటు గురించి మళ్లీ మాట్లాడవు.

ఇక రెట్టింపు రేటుకి రెట్టింపు కిలోమీటర్లు అంటే ఆయిల్ డబ్బులు అక్కడికక్కడికే సరి. మిగిలేది ఫిల్టర్ ఖర్చు, బండి ఆగని ఆ పూట కిరాయి. లాంగ్ లైన్‌లో అది మంచి డబ్బే, పై బ్రదర్ చెప్పింది అందుకే నిజం. కానీ ఆ కిలోమీటర్ల మాట షాపాయన చెప్తే సరిపోదు, బండి కంపెనీ ఒప్పుకోవాలి, ఫిల్టర్ కూడా అంతకాలం ఆగేదై ఉండాలి. లేదంటే మధ్యలో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపించు. ఇనుము ఎంత, మసి ఎంత, డీజిల్ ఏమైనా కలిసిందా అన్నీ రిపోర్టులో వస్తాయి. అది చూసి పొడిగించు. సింథటిక్ పోసి పాత లెక్కకే మార్చేసేవాళ్లు రోజూ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అర కిలోమీటరు మైలేజీ మాట నమ్మకు. 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 రెండూ ఇంజన్ వేడెక్కాక ఒకే గ్రేడు చిక్కదనంలో ఉంటాయి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగ్ కోసం. చీమకుర్తిలో చలెక్కడిది?

టిప్పర్ సంగతి వేరు. దానికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే అవర్ మీటర్ చూసి మార్చాలి. లోడింగ్ దగ్గర ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది, తొట్టి లేపేటప్పుడు ఆన్‌లోనే ఉంటుంది, మీటర్ మీద కిలోమీటర్లు మాత్రం కదలవు. పైగా క్వారీ దుమ్ము. ఇంజన్లోకి రాతి పొడి వెళ్లాక బంగారం లాంటి ఆయిల్ పోసినా బోరు అరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ నుంచి, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బోకి వెళ్లే రబ్బరు హోస్ విప్పి, టర్బో వైపు లోపల వేలు పెట్టి తుడిచి చూడు. సన్నటి బూడిదరంగు పొడి అంటిందంటే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్తున్నట్టే. క్లాంపు కింద హోస్ పగిలిందేమో, ఫిల్టర్ సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకో. సింథటిక్‌కి పెట్టే డబ్బులు అక్కడ పెట్టు.

రిటైర్డ్ ఎంటీ డ్రైవర్:
మేస్త్రి గారు చలి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. లేహ్ వైపు శీతాకాలంలో తెల్లవారుజామున బండి తీయడం ఎంత కష్టమో అక్కడ చేసినవాళ్లకే తెలుసు. సెల్ఫ్ కొడితే ఇంజన్ మూలుగుతుంది తప్ప తిరగదు. లోపల ఆయిల్ గడ్డపెరుగులా అయిపోయి ఉంటుంది. 15డబ్ల్యూ ఆయిల్‌కి సెల్ఫ్ మీద ఇంజన్ తిరిగే పరీక్ష మైనస్ 20 దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. అలాంటి చోట సింథటిక్‌కి పెట్టే ప్రతి రూపాయికీ విలువ ఉంది. ఒంగోలు ఎండల్లో ఆ అవసరం రాదు బాబూ.

చీమకుర్తి టిప్పర్:
చాలా థాంక్స్ మేస్త్రి గారూ. పుస్తకం తీసి చూశాను, లారీకి సీకే-4 15డబ్ల్యూ-40 అనే ఉంది. మరి అదే టిప్పర్‌కి కూడా పోయొచ్చా? పాత ఇంజన్‌కి సీఐ-4 ప్లస్సే బలం అని ఇక్కడ మెకానిక్ అంటున్నాడు. నాన్న నల్లబడే సంగతి కూడా అడగమన్నాడు.

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ:
పోయొచ్చు. సీకే-4 పాత ఇంజన్లకీ పనికొచ్చేలా చేసిందే. మీ మెకానిక్ మాట ఒకప్పుడు నిజం. డీజిల్లో గంధకం ఎక్కువున్న రోజుల్లో, దాని యాసిడ్‌ని తట్టుకోవడానికి సీఐ-4 ప్లస్‌లో ఆ మందు కాస్త ఎక్కువ వేసేవాళ్లు. బీఎస్4 డీజిల్లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) దాకా ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంకుల్లో 10 పీపీఎం డీజిలే. మీ టిప్పర్ తాగేదీ అదే. షెడ్డులో ఒకటే బకెట్ పెట్టుకో. ఎఫ్ఏ-4 అని రాసున్నది మాత్రం కొనొద్దు, అది వేరే ఇంజన్లకి.

నల్లబడటం గురించి నాన్నగారికి చెప్పు: మసిని ఎక్కడా అంటుకోనివ్వకుండా తనలో కలిపి ఉంచుకోవడం డీజిల్ ఇంజన్ ఆయిల్ పని. నల్లబడకపోతేనే అనుమానపడాలి. రంగు కన్నా స్టిక్ మీద లెవెల్ చూడమను. తగ్గితే ఎక్కడికో పోతోందని అర్థం. పోయకుండానే పెరిగిందంటే డీజిలో కూలెంటో దిగుతోంది, ఆ బండిని లోడుకి పంపొద్దు.

ఇంకోటి, ఖాళీ బకెట్లు పాత సామాన్లవాడికి అలాగే వేయొద్దు. కోసి వేయించు. అవే మళ్లీ నింపి సీలేసి అమ్ముతున్నారు.

చీమకుర్తి టిప్పర్:
హోస్ విప్పి చూశాం మేస్త్రి గారూ. వేలికి పొడి అంటింది. క్లాంపు కింద సన్నగా చీలింది. కొత్త హోస్ ఒంగోలులో దొరికింది. క్లాంపులు పాతవే బాగున్నాయి, అవే వేయించనా?

ఆటోనగర్ మేస్త్రి, బెజవాడ:
కొత్తవి వెయ్. ఫిల్టర్ లోపలిది, బయటిది రెండూ మార్చు, గాలి కొట్టి మళ్లీ పెట్టొద్దు. టర్బో ముందు చక్రం రెక్కల అంచులు అరిగాయేమో టార్చి వేసి ఫోటో తీసి పెట్టు, చూసి చెప్తా.