2006 ఎన్నికల్లో హమాస్‌కు వచ్చింది ప్రజల మెజారిటీయేనా?

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్ కోసం పశ్చిమాసియాపై నోట్స్ రాసుకుంటున్నాను. 2006 జనవరి 25న జరిగిన పాలస్తీనా శాసనమండలి ఎన్నికల్లో 132 స్థానాలకు సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ 74, అప్పటి పాలక పక్షం ఫతా 45 గెలుచుకున్నాయి. దీన్ని బట్టి పాలస్తీనీయుల్లో అత్యధికులు సాయుధ పోరాటాన్ని బలపరిచారని రాయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: అలా రాయకండి. స్థానాలను కాక ఓట్లను చూడండి. పార్టీ జాబితాల ఓటింగులో హమాస్‌కు వచ్చినవి సుమారు 44 శాతం, ఫతాకు 41 శాతం. ఆ నిష్పత్తి ప్రకారం పంచిన 66 స్థానాల్లో హమాస్‌కు 29, ఫతాకు 28 దక్కాయి. అసలు తేడా జిల్లాల వారీగా ఎన్నుకున్న మిగతా 66 స్థానాల్లో వచ్చింది. అక్కడ జిల్లాకు ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు ఉండేవి. హమాస్ స్థానాలకు మించి అభ్యర్థులను నిలపకుండా కట్టుదిట్టంగా వ్యవహరించగా, ఫతాలో టికెట్ దక్కనివారు స్వతంత్రులుగా దిగి సొంత పార్టీ ఓట్లనే చీల్చారు (రెబల్ అభ్యర్థుల ప్రతాపం మనకు కొత్త కాదు). ఫలితంగా అక్కడ హమాస్‌కు 45, ఫతాకు 17 వచ్చాయి.

ఇక వ్యూహం సంగతి. ఇజ్రాయెల్‌తో 1990లలో కుదిరిన ఓస్లో శాంతి ఒప్పందాల కింద జరుగుతున్నాయన్న కారణంతో 1996 ఎన్నికలను బహిష్కరించిన హమాస్, పదేళ్ల తరువాత ‘మార్పు, సంస్కరణ’ అనే పేరుతో బరిలోకి దిగి, ఫతా పాలనలోని అవినీతిని ప్రధానాంశం చేసుకుంది. మసీదులు, వైద్యశాలలు, దానధర్మ సంఘాల ద్వారా ఏళ్ల తరబడి కూడగట్టుకున్న పలుకుబడి అప్పుడు అక్కరకు వచ్చింది. అయితే ఆత్మాహుతి దాడులు చేసిన ఆ సంస్థ ఆయుధాలను వదల్లేదు, ఇజ్రాయెల్ నిర్మూలనను కోరే 1988 నాటి తన మూల పత్రాన్నీ రద్దు చేయలేదు కనుక, దాన్ని కేవలం సేవాసంస్థగా చిత్రించడం కూడా తప్పే.

ప్రశ్న: కృతజ్ఞతలు. మరి ఇప్పటి మద్దతును దేన్ని బట్టి అంచనా వేయాలి?

సమాధానం: 2007 జూన్‌లో హమాస్ గాజాను బలప్రయోగంతో చేజిక్కించుకున్న తరువాత శాసనమండలి ఎన్నికలే జరగలేదు. 2021 మేలో జరగవలసినవాటిని పాలస్తీనా అధ్యక్షుడు, ఫతా నేత మహమూద్ అబ్బాస్ వాయిదా వేశారు. అందువల్ల నేటి గాజా జనాభాలో అధిక భాగానికి 2006లో ఓటే లేదు. ఇక మిగిలినవి సర్వేలే. రమల్లాలోని పాలస్తీనా విధాన, సర్వే పరిశోధన కేంద్రం ప్రకారం, 2023 అక్టోబరు 7 దాడి, ఆపై మొదలైన యుద్ధం తరువాత, ఆ డిసెంబరుకల్లా హమాస్ మద్దతు వెస్ట్ బ్యాంక్‌లో 12 నుంచి 44 శాతానికి ఎగబాకింది. బాంబుల కింద ఉన్న గాజాలో మాత్రం 38 నుంచి 42కే చేరింది. యుద్ధకాలపు సర్వేల్లో ఆగ్రహం ఎంత, పాలనపై ఆమోదం ఎంత అన్నది విడదీయడం కష్టం కాబట్టి, అంకె పక్కనే నెల, ప్రాంతం తప్పక రాయండి.