అప్‌స్ట్రీమ్ వాళ్లే ఫిల్టర్ చేస్తుంటే మన రూటర్ల అవుట్ ఫిల్టర్ ఎందుకు?

వాడపల్లి_తీగ: హైదరాబాద్ నుంచి రెండు అప్‌స్ట్రీమ్‌లు (మనకు నెట్ ఇచ్చే పై కంపెనీలు) తెచ్చినం, సిస్కో రూటర్. బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే పద్ధతి) నైబర్లు రెండూ లేచినయ్. మాకున్నది ఒక్క /22 (1024 ఐపీ అడ్రస్‌ల గుంపు). పైవాళ్లు ఎట్లాగూ అదొక్కటే తీసుకుంటరు, మళ్ల మనం బయటికి పంపే రూట్లకు ఫిల్టర్ పెట్టుడెందుకు?

పాలమూరు_పింగ్: పెట్టాల్సిందే అన్నా. లేకపోతె ఒక అప్‌స్ట్రీమ్ దగ్గర నేర్చుకున్న రూట్లన్నీ రెండోదానికి పోతయ్. వాళ్లు కస్టమర్ రూట్‌కు లోకల్ ప్రిఫరెన్స్ (ఏ దారి ముందు అని చెప్పే మార్కు) ఎక్కువిస్తరు కాబట్టి, పైన కూడ ఫిల్టర్ లేకుంటె వాళ్ల ట్రాఫిక్ మీ లింకుల దూరుతది. ప్రిఫిక్స్-లిస్ట్ల (ఏ అడ్రస్ గుంపులు పోవచ్చో చెప్పే జాబితా) మీ /22ను ఎల్ఈ 24తోని (అంటె /24 దాక చిన్న ముక్కలు కూడ) పెర్మిట్ చెయ్, రెండు నైబర్లకూ అవుట్ దిక్కు కట్టు. చివర్ల డినై రాయకున్నా ఉన్నట్టే. క్లియర్ సాఫ్ట్ అవుట్ కొట్టి అడ్వర్టైజ్డ్-రూట్స్ చూడు. /22కు నల్0 (ఎటూ పోని ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) స్టాటిక్ రూట్ మర్చిపోకు, అది లేకుంటె బీజీపీల నెట్‌వర్క్ లైన్ ఉన్నా రూట్ పోదు.

మూసీ179: ఎల్ఈ 24 ఎందుకు? /22 ఒక్కటే పంపాలె.

పాలమూరు_పింగ్: ఒక /24ను ఒక లింకు మీదికి మళ్లియ్యాలంటె కావాలె.

మూసీ179: ఆయన అడిగిండా? ఓఎస్‌పీఎఫ్‌ను (మన లోపలి రూట్ల పద్ధతి) బీజీపీలకు రీడిస్ట్రిబ్యూట్ చేస్తె లోపలి /24లన్నీ గా ఎల్ఈ 24 సందుల నుంచే బయటపడ్తయ్.

కోదాడ_లింక్: ఇంత లొల్లెందుకు, ఏఎస్-పాత్ (రూట్ దాటొచ్చిన నెట్‌వర్క్ నంబర్ల వరుస) ఫిల్టర్ ^$ పెడితె అయిపాయె, పాత్ ఖాళీ ఉన్న మన సొంత రూట్లే పోతయ్.

మూసీ179: కాదు. రీడిస్ట్రిబ్యూట్ అయిన 10.0.0.0 (లోపల మాత్రమే వాడే అడ్రస్‌లు) రూట్ల పాత్ కూడ ఖాళీనే, ^$ వాటినీ దాటిస్తది. కింద సొంత ఏఎస్ ఉన్న కస్టమర్ ఉంటె ఆయన రూట్లనేమో ఆపుతది.

వాడపల్లి_తీగ: నేనడిగింది ఒకటి, మీరు కొట్లాడేది ఒకటి. పైవాళ్లు చూసుకోరా?

పాలమూరు_పింగ్: వాళ్ల మీద భారమేసి కూసుంటవా? 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్ వాళ్ల /22 లోపలి 208.65.153.0/24ను తనదని ప్రకటిస్తె, దాని అప్‌స్ట్రీమ్ పీసీసీడబ్ల్యూ ఆపలే. /24 ఇంకా నిర్దిష్టం గదా, రూటర్లు చిన్న గుంపు రూట్‌నే పట్టుకుంటయ్, లోకంల యూట్యూబ్ ట్రాఫిక్ అటే పోయింది. దాదాపు రెండు గంటలు యూట్యూబ్ బంద్!

వాడపల్లి_తీగ: నన్ను తిడితె ఏమొస్తదన్నా? రూటర్ పెట్టిపోయినాయన ఎనేబుల్ పాస్‌వర్డ్ (సెట్టింగులు మార్చేందుకు కావాల్సింది) ఇస్తలేడు. ఒక్క లైను మార్చాలన్నా పైసలడుగుతుండు. ఫిల్టర్ వద్దని నాకేమన్న ఉన్నదా?

మూసీ179: గదే ముందుగాల చెప్పాలె తమ్మీ. డబ్బా నీది, పాస్‌వర్డ్ నీకుండాలె. తెల్లారుజామున 3కు కన్సోల్ కేబుల్ పెట్టి, పవర్ తీసి ఏసి బ్రేక్ కొట్టు. రామ్‌మాన్‌ల (రూటర్ పూర్తిగ లేవకముందు వచ్చే రికవరీ మోడ్) కన్ఫ్‌రెగ్ 0ఎక్స్2142 (సేవ్ చేసిన సెట్టింగులు చదవకుండ లేస్తది), రీసెట్. లేచినంక ఎనేబుల్ చేసి స్టార్టప్‌ను (సేవ్ చేసిన సెట్టింగులు) రన్నింగ్‌కు కాపీ చెయ్, కొత్త సీక్రెట్ (పాస్‌వర్డ్) పెట్టు, ఇంటర్‌ఫేసులకు నో షట్ (ఆన్ చేసే కమాండ్) కొట్టు. రిజిస్టర్‌ను మళ్ల మామూలు 0ఎక్స్2102కు మార్చి సేవ్ చెయ్.

పాలమూరు_పింగ్: నో షట్ కొట్టే ముందే ప్రిఫిక్స్-లిస్ట్ ఎక్కియ్. ఎల్ఈ 24 ఇప్పుడొద్దు, మూసీ అన్న చెప్పినట్టు /22 ఒక్కటే.