ఏజెంట్ దొరికేదాకా ఆగాలా, ప్రచురణ సంస్థకు నేరుగా పంపేయాలా?

చిత్తుప్రతి:
ఇంగ్లిష్‌లో నవల పూర్తి చేశాను. 92,000 పదాలు, మూడుసార్లు తిరగరాశాను. సొంతంగా అచ్చు వేసుకునే ఉద్దేశం లేదు. ముందుగా అడ్వాన్స్, అమ్మకాల మీద రాయల్టీ ఇచ్చి, ఎడిటింగ్ నుంచి పంపిణీ దాకా తామే చూసుకునే సంస్థ కావాలి. రచయిత తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడే ఏజెంట్లు 24 మందికి పది నెలల్లో క్వెరీ లెటర్ (నవలను పరిచయం చేసే లేఖ), మొదటి పది పేజీలు పంపాను. 15 మంది వద్దన్నారు, మిగతావాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. పూర్తి రాతప్రతి ఒక్కరూ అడగలేదు. ఏజెంట్ లేకపోయినా తీసుకునే సంస్థలు ఉన్నాయి కదా, అన్నిటికీ ఒకేసారి పంపేద్దామనుకుంటున్నాను. తప్పా?

మార్జిన్‌గీత:
తప్పేనండీ. ఒక సంస్థ వద్దన్న నవలను మళ్లీ అదే గుమ్మంలోకి తీసుకెళ్లడం ఏ ఏజెంట్‌కైనా చాలా కష్టం. రేపు మీకు ఏజెంట్ దొరికితే "ఇప్పటిదాకా ఎవరెవరు చూశారు?" అని అడుగుతారు. ఆ జాబితా పొడుగ్గా ఉంటే వెనక్కి తగ్గుతారు. పైగా పెంగ్విన్ రాండమ్ హౌస్, హార్పర్‌కాలిన్స్ లాంటి పెద్ద సంస్థల్లో చాలా విభాగాలు ఏజెంట్ ద్వారా రానిది చూడవు. ఏజెంట్‌కు 15 శాతం కమిషన్, విదేశీ హక్కుల మీద మామూలుగా 20 శాతం అనగానే చాలామంది రచయితలు వెనకాడతారు. కానీ మీకు డబ్బు వచ్చాకే వాళ్లకు వాటా. చదవడానికే ఫీజు అడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

ఒంటరికలం:
నేను ఒప్పుకోను. ప్రేమ నవలలైతే హార్లెక్విన్, సైన్స్ ఫిక్షన్ అయితే బేన్, రచయిత నేరుగా పంపినవీ తీసుకుంటాయి. అక్కడ అది దొడ్డిదారి కాదు. కవిత్వాన్ని చాలామంది ఏజెంట్లు అసలు ముట్టుకోరు. చిన్న సంస్థ ఇచ్చే అడ్వాన్స్‌లో 15 శాతం వాళ్లకు ఏ మూలకి? నా మొదటి నవల చిన్న సంస్థకు నేరుగానే పంపాను. తొమ్మిది నెలలకు జవాబొచ్చింది. ఆ ఎడిటర్ నాతో కూర్చుని ప్రతి వాక్యం మీదా పనిచేశారు. ఏజెంట్ కోసమే ఆగి ఉంటే అది ఇంకా సొరుగులోనే ఉండేది.

పాతసిరా:
సంతకం సంగతి ఇద్దరూ వదిలేశారు. నేనూ నేరుగానే పంపాను. తీసుకుంటామన్న సంతోషంలో కాంట్రాక్టు మీద ఆ రాత్రే సంతకం పెట్టేశాను. "పుస్తకం ముద్రణలో ఉన్నంతకాలం హక్కులు సంస్థవే" అని అందులో ఉంది. కాగితం ప్రతులు అయిపోయి ఏళ్లయింది. ఈబుక్ మాత్రం అమ్మకానికి ఉంచారు, కాబట్టి వాళ్ల లెక్కలో అది ముద్రణలో ఉన్నట్టే. ఏడాదికి పది కాపీలు కూడా పోవు, హక్కులు మాత్రం వెనక్కి రావు. ఏడాది అమ్మకాలు ఫలానా సంఖ్యకు తగ్గితే హక్కులు రచయితకు తిరిగివ్వాలని ఒక్క అంకె రాయించుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మంచి ఏజెంట్ ఉంటే ముందు అదే పట్టుకుంటారు. తర్వాతి పుస్తకం కూడా తమకే ముందు చూపాలనే షరతు, సినిమా, అనువాద హక్కులు కూడా చూసుకోవాలి. నేరుగా వెళ్తే వెళ్లండి, కాంట్రాక్టు మాత్రం తెలిసినవాళ్లకు చూపించండి. బ్రిటన్‌లో సొసైటీ ఆఫ్ ఆథర్స్, అమెరికాలో ఆథర్స్ గిల్డ్ తమ సభ్యుల కాంట్రాక్టులు పరిశీలించి సలహా ఇస్తాయి. ప్రచురణకు మీరే ఎదురు డబ్బు కట్టాలంటే అక్కడే ఆపేయండి.

మార్జిన్‌గీత:
చదివి మనసు పాడైందండీ. చిత్తుప్రతి గారూ, మీ లెక్కనే ఇంకోసారి చూడండి. 24 మందిలో ఒక్కరూ పూర్తి ప్రతి అడగలేదంటే మీ నవలను ఇంకా ఎవరూ చదవలేదు. వాళ్లు చూసింది లేఖ, ఆ పది పేజీలు. వాటినే సంస్థలకు పంపినా ఎడిటర్లు అక్కడే ఆగుతారు. లేఖ మొదటి పేరాలో ఏముంది?

చిత్తుప్రతి:
ఈ నవల ఎందుకు రాశానో, ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పాను. కథానాయిక మూడో పేరాలో వస్తుంది.

మార్జిన్‌గీత:
ఆమెను మొదటి వాక్యంలోకి తీసుకురండి. ఆమెకేం కావాలి, ఏది అడ్డం, ఓడిపోతే ఏం పోతుంది. ఈమధ్య మూడు నాలుగేళ్లలో వచ్చినవాటిలో మీ నవలకు దగ్గరగా ఉండే రెండింటి పేర్లు చెప్పండి. మొత్తం 300 పదాల్లో ముగించండి. ఎనిమిది మందికి పంపి ఆగండి, ఏం జవాబు వస్తుందో చూశాకే మిగతావాళ్లకు.

ఒంటరికలం:
లేఖ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ ఆ ఎనిమిదిలో రెండు చిన్న సంస్థలు ఉంటే నష్టమేంటి? ఏజెంట్లు ఎలాగూ వాటి దగ్గరికి పెద్దగా వెళ్లరు కదా.

మార్జిన్‌గీత:
అలాంటివైతే సరే. నా భయమంతా పెద్ద సంస్థల గురించే.

చిత్తుప్రతి:
లేఖ మొదటినుంచి రాస్తున్నాను. ఆరుగురు కొత్త ఏజెంట్లు, రెండు చిన్న సంస్థలు. ఇంకో సంస్థ తమ దగ్గరున్నంతకాలం మరెవరికీ పంపకూడదంటోంది, జవాబుకు ఆర్నెల్లట. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను. పాతసిరా గారూ, హక్కులు వెనక్కి వచ్చే ఆ షరతును నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకున్నాను.