పాత పటాలు పరీక్షించడానికి ఏ టార్చిలైటు కొనాలి?

గోడపటం:
మధ్యాహ్నం నుంచి ఒక పాత పటంతో కుస్తీ పడుతున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో రెండు టార్చిలైట్లు కొన్నాను, ఒకటి తెల్ల ఎల్‌ఈడీ, ఒకటి ఊదా లైటు. రెండూ దండగే. తెల్లది వేస్తే బొమ్మకు బదులు నా చెయ్యే కనిపిస్తోంది. రెండోది వేస్తే పటమంతా ఊదాగా అలుముకుంటోంది. ఎక్కడ మరమ్మతు చేశారో తెలియడం లేదు. ఆదివారంలోగా ఆ పటం కొంటానో లేదో చెప్పాలి. ఏ లైటు తీసుకోవాలి?

రంగులపెట్టె:
మీ ఊదా లైటు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత (యూవీ) టార్చి అయ్యుంటుంది. 365ది కొనండి, ముందు కనిపించే వెలుగును ఆపే నల్ల ఫిల్టరు ఉండాలి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

సుద్దముక్క:
అందరూ ముందే అతినీలలోహితం వెంట పడతారు, నాకు బాధగా ఉంటుంది. ముందు వాలు కాంతిలో చూడండి. గది చీకటి చేసి, టార్చిని పటం అంచు దగ్గర దాదాపు ఆనించినట్టు పట్టుకుని పక్కనుంచి వేయాలి. నా దగ్గర ఒక చెరియాల నకాశీ పటం (చుట్టి దాచే తెలంగాణ బొమ్మల పటం) ఉంది. బట్ట మీద చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసిన పూత అది. ఎదురుగా చూస్తే నిక్షేపంలా ఉండేది. పక్కనుంచి వెలుగు వేయగానే చుట్టిన చోటల్లా పూత పాల మీగడలా ముడతలు పడి, ఒక్కో పెచ్చు కింద సన్నని నీడ కనిపించింది. తెల్ల లైటు కొంటే సీఆర్‌ఐ (రంగులను ఉన్నవున్నట్టు ఎంత బాగా చూపుతుందో చెప్పే కొలత) 95 దాటినది చూడండి, లేకపోతే ఎరుపులు వెలవెలబోతాయి. బట్ట, కాగితం మీది రంగులైతే ఎక్కువసేపు వెలుగు వేయకండి. అలా వెలిసిన రంగు మళ్లీ రాదు.

మాటలమూట:
ఒక సవరణ. అతినీలలోహితం కంటికి కనిపించదు. మీరు చూస్తున్న ఊదా, ఆ టార్చి నుంచి వచ్చే మామూలు వెలుగు. కాబట్టి అతినీలలోహిత టార్చిని ‘ఊదా లైటు’ అనడం తప్పు. ‘వాలు కాంతి’ కూడా సరిపోదు, ‘ఏటవాలు కాంతి’ అనాలి.

సుద్దముక్క:
ఏటవాలు అంటే 45 డిగ్రీలకు వేసేవారూ ఉంటారండి. అంత ఎత్తు నుంచి వేస్తే ముడతలు తెలియవు.

మాటలమూట:
అయితే ‘పక్క కాంతి’ అనండి.

రంగులపెట్టె:
పేరు తరువాత చూద్దాం. గోడపటం గారూ, చెయ్యి కనిపిస్తోందన్నారు. పటానికి అద్దం ఉందా?

గోడపటం:
ఉంది. చట్రం కట్టిన తైలవర్ణ చిత్రం. అది చెప్పలేదా?

రంగులపెట్టె:
చెప్పలేదు. అద్దం తీయించండి. 365 కింద పాత సహజ వార్నిషు ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద తరువాత దిద్దిన చోట్లు నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. మళ్లీ పైన వార్నిషు వేసి ఉంటే మాత్రం దిద్దుబాటు దాగిపోవచ్చు. అన్నీ ఒకే లైటు తేల్చదు.

గోడపటం:
అమ్మే ఆయన చట్రం విప్పనంటున్నారు. రేపు మళ్లీ అడుగుతాను. ధన్యవాదాలు.

కొత్తచిగురు:
ఫిల్టరు ఉన్న 365 టార్చి హైదరాబాద్‌లో ఏ దుకాణంలో దొరుకుతుందండీ?