అప్‌డేట్: స్వీడన్ పోలీసు నవలలు ఏ వరుసలో చదవాలని అడిగాను కదా

మొన్న అడిగాను కదా, స్వీడన్, నార్వే పోలీసు నవలలు ఇంగ్లీషు అనువాదంలో చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, వరుస తప్పితే నష్టమా అని. ఎక్కువమంది పాతవాటి నుంచి రమ్మన్నారు. విన్నాను, మంచిదైంది.

మాయ్ షోవాల్, పెర్ వాలూ జంట 1965 నుంచి 1975 దాకా రాసిన పది పుస్తకాల్లో మొదటిది ‘రోజానా’ పూర్తయింది. కాలువ లాకు దగ్గర పూడిక తీస్తుంటే ఒకామె శవం బయటపడుతుంది, ఇక అక్కడి నుంచి ఏమీ జరగదు! నిజంగా, ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. నలభయ్యో పేజీ దగ్గర పక్కన పడేద్దామనుకున్నా. కానీ ఆమె ఎక్కిన పడవలో తిరిగిన టూరిస్టులు తీసుకున్న ఫొటోలు, సినిమా రీళ్లు తెప్పించుకుని పోలీసులు ఓపిగ్గా చూస్తూ కూర్చునే చోట నాకు టెన్షన్ మొదలైంది, రాత్రి రెండయినా లైటు ఆర్పలేదు. కేసు చూసే పోలీసు మార్టిన్ బెక్‌కి జలుబు, కడుపులో బాధ, ఇంట్లో పొసగదు. మన సినిమా పోలీసులా ఒక్క డైలాగూ కొట్టడు.

వరుస గొడవ నార్వే వైపు నిజమే. జో నెస్బో రాసిన హ్యారీ హోల్ సిరీస్‌లో మొదటిది 1997లో వస్తే ఇంగ్లీషులోకి 2012లో వచ్చింది, ఐదోదేమో 2005లోనే వచ్చేసింది. నేను ముందు కొన్నది అదే, ఎవరు ఎవరో అర్థం కాక జుట్టు పీక్కున్నా. తప్పు నాది కాదన్నమాట.

ఇంకో స్వీడన్ రచయిత హెనింగ్ మాంకెల్‌ని చదవమన్నవాళ్లు కాస్త ఆగాలి, ఈ పదీ అయ్యాకే. బెక్ రెండోది ఆర్డర్ పెడితే పార్సిల్‌లో నాలుగోది వచ్చింది, వెనక్కి పంపాను.