సముద్రపు నాచు విత్తనం: బాగా పెరిగినదాన్నే ఎంచుకుంటే చాలునా?

తీరరేఖ:
తమిళనాడులోని మండపం తీరంలో తెప్పలపై పెంచే కప్పాఫైకస్ నాచుకు, కోసిన పంటలోంచి తీసిన ముక్కలే మళ్ళీ విత్తనం. బాగా గుబురుగా పెరిగిన మొక్కల ముక్కలనే ఏటా కట్టుకుంటూ పోతే మెరుగైన రకం దానంతట అదే తయారవుతుందని కొందరు అంటున్నారు. ఇది నిజమేనా?

కడలిగట్టు:
నేను ఒప్పుకోను. మూడు మీటర్ల తెప్పకు సుమారు 60 కిలోల ముక్కలు కట్టి, 45 రోజులకు 200 కిలోలకు పైగా కోస్తున్నామంటే ఆ పెరుగుదల గొప్పదే. కానీ ఒకే మొక్క నుంచి విడిపోయిన ముక్కల్లో ఒకటి పెద్దదిగా, మరొకటి చిన్నదిగా కనిపించడానికి కారణం ఎక్కువగా వెలుతురు, నీటి ప్రవాహం, తాడుపై అది ఉన్న చోటు మాత్రమే. వాటి వంశలక్షణాల్లో తేడా దాదాపు ఉండదు. తెప్ప అంచున ఉన్న గుబురును ఎంచుకుంటే మనం ఎంచుకున్నది అంచునే గాని రకాన్ని కాదు.

ఈ నాచు మన తీరానికి సహజమైనది కాదు, ఫిలిప్పీన్స్ మూలానికి చెందినది. తెచ్చిన కొద్దిపాటి మొక్కల సంతతే ఇన్నేళ్ళుగా ముక్కలై సాగుతోంది. 2013 తరువాత సముద్రపు నీరు వేడెక్కి పంట పెద్దఎత్తున చనిపోయినప్పుడు, అన్నీ ఒకే పోలికవి కావడంతో తట్టుకొని నిలిచేవి కరువయ్యాయి. అమృతపాణి అరటిని పిలకలతోనే పెంచుతూ వచ్చిన మనవారికి పనామా తెగులు నేర్పిన పాఠం కూడా ఇదే.

ఉప్పుగాలి:
మీ వాదనలో బలం ఉంది, కానీ ఒడ్డున నిలబడి చూడండి. ఎండిన నాచును కిలో లెక్కన కొంటున్నప్పుడు, దాని నుంచి తీసే జిగురు (క్యారజీనన్) గట్టిదనానికి అదనంగా ధర రానప్పుడు, కుటుంబం గడవడానికి తెప్పలు కట్టే మహిళలు త్వరగా పెరిగేదాన్ని కాక మరి దేన్ని ఎంచుకుంటారు? పైగా తెల్లబడి విరిగిపోయే ఐస్-ఐస్ తెగులు సోకిన కొమ్మలను, సన్నని పరాయి నాచు అల్లుకున్న కొమ్మలను ఏరివేసి, లేత కొనలను మాత్రమే కట్టడం వల్ల వచ్చే పంట కళ్ళకు కనిపిస్తుంది.

కడలిగట్టు:
ఏరివేతను నేను కాదనడం లేదు. అది శుభ్రమైన విత్తనాన్ని ఇస్తుంది, కొత్త రకాన్ని ఇవ్వదు. కొత్త రకం కావాలంటే బీజాంశాల (నాచు సంతానోత్పత్తికి విడిచే సూక్ష్మకణాల) నుంచి మొలకలు పెంచి, వేసవి వేడిలో వాటిని పరీక్షించాలి. జపాన్‌లో నోరి అనే తినే సముద్రపు నాచు సాగు మారింది అలాగే: 1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త కేథ్లీన్ డ్రూ-బేకర్ నోరి జీవితచక్రంలో గవ్వల చిప్పల్లో దాగే దశను గుర్తించిన తరువాతే విత్తనాన్ని మనిషి చేతిలో పెంచడం, మంచి రకాలను ఎంచుకోవడం సాధ్యమయ్యాయి. కప్పాఫైకస్‌లో బీజాంశాలతో పని కష్టమే, అందుకే ప్రభుత్వ ప్రయోగశాలలు చేయాలి, రైతు కాదు. జిగురు గట్టిదనానికి ధర ఇవ్వడం కూడా అప్పుడే అర్థవంతమవుతుంది.

ఉప్పుగాలి:
అయితే ఒక షరతు. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర ఇదే నాచు పగడాలపై పాకినట్లు 2008లోనే శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మరింత బలంగా పెరిగే రకాన్ని తయారుచేసేవారు, అది తెప్ప దాటి ఎంత దూరం బతుకుతుందో కూడా అదే పరీక్షలో చూపించాలి.