భయపడే కుందేలును ఎత్తుకుని మచ్చిక చేయాలా, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగాలా?

ఒంగోలు సభ్యురాలు:
తెలిసినవారు ఇల్లు మారుతూ వద్దనుకున్న తెల్ల కుందేలును 12 రోజుల క్రితం మేము తెచ్చుకున్నాం. రెండేళ్లుగా అది మేడ మీద చిలుక పంజరమంత ఇనుప బోనులో, మిగిలిన అన్నమూ బిస్కెట్లూ తిని బతికింది. గోళ్లు వంకర తిరిగాయి, వెనక పాదాల కింద బొచ్చు ఊడి చర్మం ఎర్రబడింది. ఇప్పుడు ఒక గదంతా దానికే వదిలినా, మనిషి అలికిడి వినగానే మంచం కిందికి దూరి, వెనక కాలితో నేలను దబదబా కొడుతోంది. రోజూ కాసేపు ఒడిలో పెట్టుకుంటే భయం తీరుతుందని మా అత్తగారు, అసలు ముట్టుకోవద్దని మా అబ్బాయి అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కావలి సభ్యుడు:
అమ్మా, మీ అత్తగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మా ఇంట్లో దూడలనూ మేకపిల్లలనూ చిన్ననాటి నుంచి నిమురుతూ, చేతికి అలవాటు చేసే పెంచాం. కుందేలును ఒడిలో వెల్లకిలా పడుకోబెడితే కాసేపటికి కదలకుండా ఉండిపోతుంది. రోజూ అలా చేస్తే మనిషి చేయి కీడు చేయదని దానికే తెలుస్తుంది. పైగా గోళ్లు తీయాలన్నా, పాదాలకు మందు రాయాలన్నా పట్టుకోక తప్పదు.

నెల్లూరు సభ్యురాలు:
పట్టుకోక తప్పని సందర్భాలు ఉంటాయన్న మాట నిజమే కానీ, ఎత్తుకోవడమే మచ్చిక చేసే దారి అన్న మాటను నేను ఒప్పుకోలేను. గద్దకో నక్కకో చిక్కినప్పుడే కుందేలు కాళ్లు నేలను వదులుతాయి, కాబట్టి మనం ప్రేమతో ఎత్తినా దాని ఒంటికి తెలిసేది ఆ భయమే. వెల్లకిలా ఉన్నప్పుడు కనిపించేది నెమ్మది కాదు, పట్టుబడిన ప్రాణి చచ్చినట్టు పడి ఉండే స్థితి. దాని బరువులో ఎముకల వాటా 7, 8 శాతమే. చేతుల్లో గింజుకుని తన్నుకుంటే నడుము విరగవచ్చు.

మూడేళ్ల క్రితం మా ఇంటికి వచ్చిన బూడిదరంగు కుందేలును మొదటి వారమంతా ఎత్తుకుని నేనే చెడగొట్టాను. నా అడుగుల చప్పుడుకే వణికేది. తరువాత ఎత్తడం మానేసి, కుందేళ్లు చురుగ్గా ఉండే తెల్లవారుజామునా, మునిమాపునా దానికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని, మోకాలి దగ్గర నాలుగు కొత్తిమీర రెబ్బలు పెట్టుకుని చదువుకునేదాన్ని. తొమ్మిదో రోజున వెనక కాళ్లు ఉన్నచోటే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, ఒక రెబ్బ కొసను పళ్లతో పట్టుకుని వెనక్కి లాక్కుపోయింది. నేను చేయి కదపలేదు. ముక్కుకు సరిగ్గా ముందున్నది కుందేలుకు కనిపించదు, అందుకే నిమిరే రోజు వచ్చినప్పుడు చేతిని పక్క నుంచి తెచ్చి నుదుటి మీద ఆనించాలి.

గోళ్లు, పాదాల సంగతి మాత్రం ఆగదు. వెంటనే పశువైద్యునికి చూపించండి. ఇంట్లో మందు రాసేటప్పుడు వేరే గదిలో, నేల మీదే కూర్చుని, తువాలు చుట్టి, వెనక భాగానికి చేయి ఆసరా ఇచ్చి త్వరగా ముగించండి. మేత పెట్టేవారూ మందు రాసేవారూ వేరువేరుగా ఉంటే ఇంకా మంచిది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అన్నం, బిస్కెట్లు మాన్పించి, గరికా ఎండుగడ్డీ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఆకలితో లొంగదీయాలని మాత్రం చూడవద్దు. 12 గంటలు ఏమీ తినకపోతే పేగుల కదలిక ఆగి ప్రాణం మీదికి వస్తుంది.

కావలి సభ్యుడు:
తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే పట్టుదల నాకు లేదు. వెల్లకిలా పడుకోబెట్టే విషయంలో పొరబడ్డాను. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. రోహిణీ కార్తెలో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కుందేలుకు 30 దాటితేనే వడదెబ్బ ముప్పు. మంచం కింద ఉన్నది భయపడి దాక్కుందో, వేడికి సొమ్మసిల్లిందో ముట్టుకోకుండా ఎలా తెలుస్తుంది? అదే వస్తుందిలే అని నెలలు గడిపితే, మొదటి యజమానులు చేసిన నిర్లక్ష్యానికీ దీనికీ తేడా ఎంత?

నెల్లూరు సభ్యురాలు:
మీ సందేహం న్యాయమైనదే. ముట్టుకోకపోవడమంటే పట్టించుకోకపోవడం కాదు. మంచం కింది జాగా మూసి, రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె పెడితే, అది దాక్కున్నా మనకు కనబడుతూనే ఉంటుంది. ఎంత గడ్డి తిన్నదో, ఎన్ని పెంటికలు వేసిందో రోజూ చూసుకోవాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం మచ్చిక మాట మరిచి, వెంటనే ఎత్తుకుని వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి.

ఒంగోలు సభ్యురాలు:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. గోళ్లు తీయించాం, పాదాలు మానుతున్నాయి. నిన్న సాయంత్రం అత్తగారు నేల మీద కూర్చుని పూలు కడుతుంటే పెట్టెలోంచి వచ్చి, ఆమె చీర అంచుకు రెండుసార్లు గడ్డం రుద్ది వెళ్లింది. గడ్డం కింది గ్రంథితో తన వాసన అంటించి, ఇది నాదని గుర్తు పెట్టుకుంటుందట. ఆమె పూలు వదిలేసి, అది మళ్లీ వస్తుందేమోనని చాలాసేపు అలాగే కూర్చున్నారు. మందు రాసే నా దగ్గరికి మాత్రం ఇంకా రావడం లేదు.